ఊఁ చేరడానికి పట్టే కాలం

ఫుకుఓకా,
సెప్టెంబర్ 8

త్సురుతా టీచర్ గారికి, నమస్కారాలు.

ఈ ఉదయం మా మెట్లమీద ఒక ఇలకోడి వెల్లకిలా పడి ఉంది. చచ్చిపోయిందనుకుని చెప్పు కొసతో పక్కకి జరపబోయాను. అది కీచుమని అరుస్తూ నా మోకాలిదాకా ఎగిరింది. నేనూ అరిచాను. పక్కింటావిడ తలుపు సందులోంచి చూసి, "దొంగా?" అంది. "కాదండీ, పురుగు" అన్నాను. "ఓస్, పురుగేనా" అని, దొంగ రానందుకు నిరాశపడ్డట్టు తలుపు వేసుకుంది.

మీ ఉత్తరమూ బేరిపళ్ళూ ఒకేరోజు అందాయి. పళ్ళు ఆఫీసులో పంచాను. రెండు దాచుకున్నాను. ఫోను చేసి చెప్పవలసిన మాట ఇది. ఫోనులో నాకు గొంతు పెగలదని మీకు తెలుసు. బడి వదిలి ఏడేళ్ళయినా అందులో మార్పు లేదు.

కాన్వెంటులో పదవీ విరమణ చేశాక మీరు ఇంట్లో ఊరికే కూర్చుంటారని నేను అనుకోలేదు. కానీ ఇసహయాలో ఒక గదిలోంచి, తెరమీద, దీవుల పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్నారని చదివి ఉత్తరం మడిచి మళ్ళీ విప్పాను. టీచర్ గారూ, ఆ గదికీ దీవుల బడులకూ మధ్య ఉన్న లైన్లను చూసుకునేది మా కంపెనీ. మా కంపెనీలో వాటిని చూసుకునేది నేను. ఏప్రిల్ నుంచి మీ గొంతు నా చేతి కిందినుంచే వెళ్తోంది. నాకు తెలియనే తెలియదు.

మా సెక్షను పెద్ద కుసానో గారు నిన్న నా తెర చూసి, "ఏమిటి ఒగుషీ, అంతా ఇంత పచ్చగా ఉంది, టీ తోట పెంచుతున్నావా?" అన్నారు. పచ్చ అంటే అలారం లేదని. ఆయన మెచ్చుకునే తీరు అదే. దీవుల లైన్లలో ఏప్రిల్ చివరినుంచి ఒక్క అలారం కూడా మోగలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. కొంచెం గొప్ప కోసమే.

మీ విద్యార్థిని,
ఒగుషి మాదొకా


ఇసహయా,
సెప్టెంబర్ 17

మాదొకా,

పురుగుని చూసి అరిచావన్నమాట. కప్పను కోయమంటే కళ్ళు తిరిగి సిస్టర్ ఒళ్ళో పడినది నువ్వే కదూ? పళ్ళు పంచి రెండే దాచుకున్నావని చదివి మా అన్నయ్య నొచ్చుకున్నాడు. ఇంకో పెట్టె పంపుతానంటున్నాడు. వద్దనకు, వినడు.

నా గొంతు నీ చేతి కిందినుంచి వెళ్తోందంటే నవ్వొచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళు సుద్దముక్క పట్టినదాన్ని ఇప్పుడు పెట్టెముందు కూర్చుని అరుస్తున్నాను. తెరమీద మూడు గళ్ళు. ఒక్కో గడిలో ఒక్కో దీవి. రెండు గళ్ళలో ఐదుగురేసి పిల్లలు. ఎంతసేపూ నుదుళ్ళే కనిపిస్తాయి. మూడో గడిలో ఒక్కతే. మునాషిమా బడిలో ఆఖరి ఏడాది చదువుతున్న దెగుచి రిత్సు. ఆ బడిలో జీవశాస్త్రం తీసుకున్నది ఆ అమ్మాయి ఒక్కతే.

ఆమె గురించే నాకు దిగులు. రాతపరీక్షలో తొంభైకి తగ్గదు. పాఠంలో మాత్రం నోరు విప్పదు. మైకు ఆపేసుకుని కూర్చుంటుంది. ప్రశ్న వేస్తే కళ్ళు పెద్దవి చేసి చూస్తుంది, అంతే. నేను తర్వాతివాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతాను. యాభై నిమిషాలు, మూడు దీవులు, ఏం చేయను?

ఇక్కడి నర్సింగ్ కళాశాల దీవుల బడులన్నిటికీ కలిపి సిఫారసు మీద ఒక్క సీటు ఇస్తుంది. రిత్సుకి అది కావాలి. మునాషిమాలో ఉన్న ఒక్క నర్సుకీ అరవై ఎనిమిదేళ్ళట. "నా తర్వాత నువ్వు రాకపోతే నేను చావను కూడా చావలేను" అని రిత్సుని చిన్నప్పటినుంచీ బెదిరిస్తోందట. సిఫారసుకి ఏ సబ్జెక్టులోనూ మార్కు ఐదుకి నాలుగు తగ్గకూడదు. అందులో మూడోవంతు 'నేర్చుకోవడంలో చొరవ'కి. చొరవ నాకు కనిపించడం లేదు. ఉందని ఎలా రాయను? అక్టోబర్ ఇరవై ఐదులోగా మార్కు పంపాలి.

అది సరే, నీ ఉద్యోగం ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పు. అన్నయ్య అడిగితే "లైన్లు చూస్తుంది" అన్నాను. "స్తంభం ఎక్కుతుందా?" అన్నాడు.

త్సురుతా సచియో


ఫుకుఓకా,
సెప్టెంబర్ 29

టీచర్ గారికి,

నేను స్తంభం ఎక్కను. కుర్చీ కూడా పెద్దగా కదపను.

ప్రతి బడికీ రెండు దారులున్నాయి. ఒకటి సముద్రం అడుగున వేసిన తీగ. రెండోది కొండమీది టవరు నుంచి గాలిలో వచ్చేది. ఏ క్షణంలో పాఠాన్ని ఏ దారిన పంపాలో యంత్రమే తేల్చుకుంటుంది. తేల్చుకోవడానికి దానికి మూడు హద్దులు చెప్పాలి. మాట చేరడానికి ఎంతసేపు పట్టవచ్చు. ఆ సేపు ఎంత అటూ ఇటూ ఊగవచ్చు. మాటని ముక్కలు చేసి పంపుతాం కాబట్టి, నూటికి ఎన్ని ముక్కలు దారిలో పోవచ్చు. యంత్రం సెకనుకోసారి రెండు దారులనూ కొలుస్తుంది. ఉన్న దారి హద్దు దాటితే రెండోదానికి మారుతుంది. నాకు అలారం వస్తుంది. ఆ హద్దులు పెట్టడమే నా పని.

పాఠాలకు మేం మామూలుగా పెట్టే హద్దు నూట యాభై మిల్లీసెకన్లు. సెకనుని వెయ్యి ముక్కలు చేస్తే అందులో నూట యాభై. అంతలోపు చేరితే మనిషి చెవికి ఆలస్యం తెలియదట. హద్దు మరీ బిగిస్తే యంత్రం ఊరికే దారులు మారుస్తూ ఉంటుంది. మారినప్పుడల్లా పాఠం నాలుగైదు సెకన్లు బిగుసుకుపోతుంది. మరీ వదులుగానూ పెట్టకూడదు.

అన్నయ్యగారికి నా ఉద్యోగం ఇంతేనని చెప్పండి. నిరాశపడతారేమో.

ఒక చిన్న సంగతి అడగవచ్చా? దెగుచి గారు అన్ని పీరియడ్లలోనూ అలాగే ఉంటారా? పొద్దున మొదటి పీరియడుకీ, భోజనానికి ముందు నాలుగో పీరియడుకీ తేడా ఏమైనా ఉందా? ఊరికే అడిగాను.

మాదొకా


ఇసహయా,
అక్టోబర్ 8

మాదొకా,

ఊరికే అడిగే పిల్లవి కాదు నువ్వు. అందుకని వారమంతా కనిపెట్టి చూశాను. సోమవారం మొదటి పీరియడులో రిత్సు మైకు తీసి రెండుసార్లు జవాబు చెప్పింది, రెండూ సరైనవే. గురువారం నాలుగో పీరియడులో ఒక్కసారీ లేదు. నీకెలా తెలిసింది?

చూస్తుంటే నాకు మే నెల గుర్తొచ్చింది. అప్పటికి ఆమె మైకు ఎప్పుడూ తెరిచే ఉండేది. మూత్రపిండంలో రక్తం ఎక్కడ వడపోతవుతుందని అడిగాను.

"గుత్తిలా ఉంటుంది కదా టీచర్, దాంట్లో" అన్నాడు పక్క దీవి పిల్లాడు.

"సరే. ఆ వడపోతలో—"

"గుత్తిలో టీచర్" అంది రిత్సు.

"దెగుచి వచ్చేసింది!" అన్నారు పక్క దీవుల పిల్లలు. "రైలు వెళ్ళిపోయింది దెగుచీ, ప్లాట్‌ఫాం ఊడుస్తున్నారు!"

అందరూ నవ్వారు. నేనూ కాస్త నవ్వాను.

అదొక్కటే కాదు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే ఊఁ ఊఁ అనకపోతే విన్నట్టే కాదు కదా మనకి. రిత్సు బాగా ఊకొడుతుంది, దీవి పిల్ల కదా. కానీ ఆమె ఊఁ ఎప్పుడూ నా తర్వాతి వాక్యం మధ్యలోకి వచ్చి పడేది. అది పడగానే నా గొంతు మిగతావాళ్ళకి తెగిపోయేది. "టీచర్, వినపడలేదు" అని పది మంది. జూన్ మొదట్లో ఓరోజు విసుగొచ్చి అన్నాను: "రిత్సూ, ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగడం నేర్చుకోవాలమ్మా." ఆ రోజు నుంచే మైకు ఆపుకోవడం మొదలుపెట్టింది.

ఇప్పుడు సూటిగా అడుగుతున్నాను. ఇది ఆ పిల్ల స్వభావమా, నీ లైనా? మార్కు పంపడానికి రెండు వారాలుంది. లైను సంగతి నాకు తెలియదు. నీకు తెలుసు. నువ్వేం చెబితే అది నమ్ముతాను.

సచియో


ఫుకుఓకా,
అక్టోబర్ 15

టీచర్ గారికి,

ఇక్కడ రెండు రోజులుగా చలి మొదలైంది. ఆఫీసు వెనక సందులో చిన్న నారింజరంగు పూల చెట్టు పూసింది. చెట్టు కనిపించదు, వాసన మాత్రం బస్టాపుదాకా వస్తుంది. మీ అన్నయ్యగారి రెండో పెట్టె అందింది. ఆఫీసులో వాళ్ళు ఇప్పుడు నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు.

మీరు అడిగినదానికి: మునాషిమా లైను పెట్టిన హద్దులోనే ఉంది. ఏప్రిల్ చివరినుంచి ఈరోజుదాకా ఒక్కసారి కూడా దాటలేదు. కొలతలన్నీ మళ్ళీ ఒకసారి చూశాను.

మనుషుల స్వభావం గురించి చెప్పడానికి నేను సరిపోను.

మీ ఆరోగ్యం జాగ్రత్త. మీరు పాఠం చెప్పే గదిలో హీటరు ఉందో లేదో. కాళ్ళకి దుప్పటి కప్పుకోండి. తెరలో కాళ్ళు కనిపించవు.

మాదొకా


ఇసహయా,
అక్టోబర్ 24

మాదొకా,

కార్డు కాబట్టి నాలుగే మాటలు. లైను బాగానే ఉందని నువ్వే అన్నాక ఇంక నాకు వెనకాడే పని లేదు. మూడు వేసి పంపాను. నువ్వు చెప్పకపోతే జాలిపడి, నెపం లైను మీద పెట్టి నాలుగు వేసేదాన్నేమో. అప్పుడు సీటు రావలసిన ఇంకో పిల్లకి అన్యాయం జరిగేది. మంచి పని చేశావు.

దుప్పటి కప్పుకుంటున్నాను.

సచియో


ఫుకుఓకా,
నవంబర్ 9

టీచర్ గారికి,

మీ కార్డు పదిహేను రోజులుగా నా సొరుగులో ఉంది. "మంచి పని చేశావు" అన్న వరుస కనపడకుండా బోర్లా పెట్టాను. దానివల్ల ఏమీ మారలేదు.

లైను హద్దు దాటలేదని రాశాను. అది నిజం. హద్దుని జరిపింది నేను.

ఏప్రిల్‌లో పాఠాలు మొదలైనప్పుడు మునాషిమా హద్దు నూట యాభైయే. మూడో పీరియడు వేళకి ఊళ్ళో ఆఫీసులూ చేపల సంఘమూ పని మొదలుపెడతాయి. వాళ్ళకీ బడికీ ఆ తీగ ఒక్కటే. ఆలస్యం పెరుగుతుంది, యంత్రం గాలిదారికి మారుతుంది. పడవ రేవుకు రాగానే దిగినవాళ్ళంతా ఫోన్లు తీస్తారు, గాలిదారి ఇరుకవుతుంది, మళ్ళీ తీగకి. గంటలో ఇరవైసార్లు. మారినప్పుడల్లా పాఠం బిగుసుకుపోవడం, నా దగ్గర అలారం.

"ఒగుషీ, ఆ దీవి గోల ఆపుతావా?" అన్నారు కుసానో గారు. "ఉయ్యాల్లో పిల్లలా ఒకటే ఏడుపు."

"హద్దు పెంచమంటారా?"

"పెంచు."

"ఎంతకండీ?"

"ఏడవనంతకి."

ఆరు వందలకి పెంచాను. రెండు నిమిషాల పని. ఏడుపు ఆగింది. దారి మారడమూ ఆగింది. పాఠం రోజంతా తీగలోనే ఉండిపోయింది. నాలుగో పీరియడులో అక్కడి కొలత ఐదు వందల ఇరవై, ఐదు వందల నలభై. ఆరు వందలు దాటదు. అందుకే తెర పచ్చగా ఉంది. మీ మాట రిత్సు గారికి చేరడానికి అంతసేపు, ఆమె మాట మీకు చేరడానికి మళ్ళీ అంతసేపు. జవాబు మీ చెవిన పడేసరికి సెకను దాటుతుంది. ఆమె ఊఁ అంటున్నది మీరు ముగించిన వాక్యానికి. అది మీకు చేరేది తర్వాతి వాక్యంలో. ఆమె ఎవరి మాటకీ అడ్డు రాలేదు.

ఇవన్నీ సెప్టెంబర్‌లో పీరియడ్ల గురించి మిమ్మల్ని అడిగినప్పుడే నాకు తెలుసు. అక్టోబర్ ఉత్తరంలో అబద్ధం ఒక్కటి కూడా లేదు. అందుకే రాయగలిగాను.

మొన్న మంగళవారం లైను తనిఖీ అని చెప్పి, నాలుగో పీరియడు వేళకి మునాషిమా బడి గుమాస్తాగారితో తెరమీద మాట్లాడాను.

"మాకేం ఇబ్బంది లేదండీ, లైను బ్రహ్మాండంగా ఉంది. మొన్న గాలివానలో కూడా—"

ఊఁ అన్నాను. ఆయన ఆగిపోయారు.

"ఏదో అనబోయారు?"

"లేదండీ, మీరు చెప్పండి."

"అయ్యో, మీరే చెప్పండి."

ఈ రెండు మాటలూ ఢీకొన్నాయి. ఇద్దరం ఆగాం. ఇద్దరం ఒకేసారి క్షమించమన్నాం. అలా మూడుసార్లు. చివరికి ఆయన నవ్వి, "మేం దీవివాళ్ళం కాస్త నిదానం లెండి" అన్నారు.

ఆ తర్వాత కుసానో గారి దగ్గరికి వెళ్ళాను.

"ఎవరైనా ఫిర్యాదు చేశారా?" అన్నారు.

నేను జవాబు చెప్పలేదు.

"మరెందుకు కెలకడం?"

"మాట వెళ్ళిరావడానికి సెకను దాటుతోందండీ."

"సెకనే కదా."

"ఇంట్లో మీ ఆవిడ ఏదైనా చెబుతుంటే మీరు సెకను ఆగి ఊఁ అంటే ఏమంటారండీ?" అన్నాను. ఆ మాట నా నోటికెలా వచ్చిందో తెలియదు.

"విననట్టే లెక్క అంటుంది" అన్నారు. "సరే, బాగుచెయ్యి."

పాఠాలకు హద్దు మళ్ళీ నూట యాభైకి తెచ్చాను. కానీ హద్దు దాటగానే మారకుండా, అరనిమిషం వరసగా దాటి ఉంటేనే మారేలా, మారాక పది నిమిషాలు నెమ్మదిగా ఉంటేనే వెనక్కి వచ్చేలా పెట్టాను. అరనిమిషంలో సర్దుకునే ఇరుకుకి అది కదలదు. ఇప్పుడు పీరియడుకి ఒకసారి మారితే ఎక్కువ. ఏప్రిల్‌లోనే చేయవలసింది ఇది. రెండు రోజుల పని.

దీనితోపాటు ఏప్రిల్ నుంచి గంటగంటకీ మునాషిమా కొలతలు, హద్దు మార్చిన తేదీ, మార్చినవాళ్ళ పేరు ఉన్న కాగితం పెడుతున్నాను. "పేరెందుకు, 'బాధ్యులు' అని రాస్తే చాలదా?" అన్నారు కుసానో గారు. నా పేరే రాశాను. దయచేసి దీన్ని సిఫారసు కమిటీకి చూపించండి. మార్కు దిద్దడానికి పనికొస్తుందేమో.

మాదొకా


ఇసహయా,
నవంబర్ 18

ఒగుషి మాదొకాకి,

కమిటీ అక్టోబర్ ముప్ఫైనే కూర్చుంది. సీటు ఇంకో దీవి పిల్లకి ఇచ్చారు. ఆ పిల్ల ఏ తప్పూ చేయలేదు. ఆమె చేతిలోంచి లాక్కోలేం. నీ కాగితం చూపించాను. మార్కు ఐదుగా దిద్దారు. మార్కు దిద్దారు, అంతవరకే.

నిన్ను తిడుతూ మూడు కాగితాలు రాసి చింపాను. నాలుగోది ఇది. ఇందులో తిట్లు తక్కువ ఉండటానికి కారణం నువ్వు కాదు, నేను. కాన్వెంటులో నిన్ను ప్రశ్న అడిగి, నువ్వు నోరు తెరిచేదాకా నల్లబల్ల తుడుస్తూ నిలబడేదాన్ని, తుడవడానికి ఏమీ లేకపోయినా. నీకు తెలుసో లేదో. రిత్సు కోసం ఒక్క సెకను నిలబడలేదు. ముప్ఫై నాలుగేళ్ళ అనుభవం ఉన్నదానికి ఆ పిల్ల ముఖం చూస్తే తెలియాలి. లైను చెప్పాలా?

శనివారం పడవెక్కి మునాషిమా వెళ్ళాను. సముద్రం బాగాలేదు, నేనూ బాగాలేను. రిత్సు వాళ్ళమ్మ వంటింట్లో చేపముద్దలు వేయిస్తోంది. విషయం చెబుదామని నోరు తెరిచేలోగానే ఆవిడే తల వంచి, "మా పిల్ల మొదటినుంచీ నిదానమే టీచర్ గారూ, మిమ్మల్ని ఇబ్బంది పెట్టింది, మన్నించండి" అంది. నాకు ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు.

రిత్సు ఏమందో విను. జూన్ నుంచి ఇంట్లో సాధన చేస్తోందట. అమ్మమ్మ పుస్తకం చూసి ప్రశ్న అడగాలి, చిటిక వేయాలి. చిటిక వినపడేలోగా రిత్సు జవాబు చెప్పాలి. రోజుకి ఇరవై ప్రశ్నలు.

"లైను వల్లనమ్మా ఇదంతా" అన్నాను. "నీ మాట ఆలస్యంగా వచ్చేది. నువ్వు కాదు."

"అయితే నేను నిదానం కాదా?"

"కాదమ్మా."

"అమ్మమ్మా, విన్నావా?" అని అరిచింది లోపలికి.

"విన్నాను" అంది ముసలావిడ. "అయినా చిటిక వేస్తాను. నాకు అలవాటైపోయింది."

ఫిబ్రవరిలో అందరితోపాటు రాతపరీక్ష రాస్తుంది. ఆ కళాశాలకి ముప్ఫై సీట్లు, మూడు వందల మంది. ఆదివారాలు కూడా పాఠం చెబుతానని మాటిచ్చాను.

లైను ఎవరు మార్చారో వాళ్ళకి చెప్పలేదు. అడగలేదు కూడా.

త్సురుతా


ఫుకుఓకా,
డిసెంబర్ 6

టీచర్ గారికి,

మీ ఉత్తరానికి జవాబు రాయడానికి చాలాసార్లు కూర్చున్నాను. క్షమించమని రాస్తే మీరు క్షమించాలేమోనని ఇబ్బంది పడతారు. అందుకని రాయడం లేదు.

ఆదివారాలు కూడా లైను చూస్తున్నాను. నిన్న మీ పాఠం వేళకి అరవై రెండు మిల్లీసెకన్లు. ఒక్కసారి దారి మారింది, పదకొండు ఇరవైకి, పడవ వచ్చినప్పుడు. మీకు తెర నాలుగు సెకన్లు ఆగి ఉంటుంది, అంతే.

నేను చూసే మిగిలిన ఏడు దీవుల హద్దులూ ఒక్కొక్కటే చూశాను. ఇంకో రెండు చోట్ల నేను ఇలాగే పెంచి ఉన్నాను. సరిచేశాను. ఆ బడులకు విడివిడిగా ఉత్తరాలు రాశాను. ఒకరు మాత్రం జవాబు ఇచ్చారు: "మాకు తేడా తెలియలేదు, శ్రమ తీసుకున్నందుకు కృతజ్ఞతలు."

ఇంతకు మించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

మాదొకా


ఇసహయా,
మార్చి 14

మాదొకా,

ఇంతకాలం రాయనిది కోపంతో కాదు. మొదట కోపంతో, తర్వాత పరీక్ష అయ్యేదాకా ఏమీ రాయబుద్ధి కాక.

రిత్సుకి ఆ కళాశాలలో సీటు రాలేదు. జాబితాలో పేరు లేదని తనే ఫోను చేసి చెప్పింది, నన్ను ఓదార్చడానికి. ససెబోలో మూడేళ్ళ నర్సింగ్ బడి ఒకటి ఉంది, అందులో వచ్చింది. ఏప్రిల్ మూడున పడవెక్కుతుంది. కళాశాల చదువైతే తర్వాత పిల్లల నర్సుగానో, ప్రసవాలు చేసే నర్సుగానో పైకి వెళ్ళడానికి దారి తేలికయ్యేది. ఇప్పుడు చుట్టూ తిరిగి వెళ్ళాలి. వెళ్తుందిలే. మునాషిమా నర్సమ్మ ఇంకో మూడేళ్ళు చావకుండా ఉంటానని ఒప్పుకుందట.

చలికాలమంతా ఆ పిల్ల గొంతు వినవలసింది నువ్వు. నేను గుండె గదుల గురించి చెబుతుంటే, "టీచర్, కుడి ఎడమ తారుమారు చేశారు" అంది. నిజంగానే చేశాను. పక్క దీవి పిల్లలు "దెగుచీ, మమ్మల్ని ఊపిరైనా పీల్చుకోనివ్వవే!" అని గోలపెట్టారు. "మీకు ఊపిరితిత్తులు వచ్చేవారం పాఠం" అంది. పదిమందీ పడి నవ్వారు. ఈసారి ఆమెను చూసి కాదు, ఆమెతో.

ఆఖరి పాఠం అయ్యాక తెర ఆపకుండా కూర్చుని అడిగింది: "టీచర్, మా లైను బాగుచేసిందెవరు?" నా పాత విద్యార్థిని అని చెప్పాను. "అయితే నాకు అక్క అవుతుంది కదా. అక్కకి ఉత్తరం రాయాలి, చిరునామా ఇస్తారా?" అంది. ఎండబెట్టిన స్క్విడ్ కూడా పంపుతుందట, వాళ్ళ నాన్న పట్టినవి.

బాగుచేసినావిడ అని మాత్రమే ఆమెకు తెలుసు. ముందు పాడుచేసిందీ ఆవిడేనని తెలియదు. చెప్పాలో వద్దో నాకు తేలడం లేదు. ఆ పిల్ల సంతోషంగా వెళ్తోంది. నీకూ శిక్ష సరిపోయిందనే అనుకుంటున్నాను. నువ్వు ఎలా అంటే అలా చేస్తాను.

సచియో


ఫుకుఓకా,
మార్చి 19

టీచర్ గారికి,

రిత్సు గారు నాకు ధన్యవాదాలు రాయకూడదు. దయచేసి ఆపండి. లైను పాడుచేసిందీ నేనేనని చెప్పండి. చెప్పాక కూడా చిరునామా కావాలంటే ఇవ్వండి. అప్పుడు ఆమె ఏం రాసినా చదువుతాను.

శిక్ష సరిపోయిందని రాశారు. మీకు తెలిసినంతవరకు సరిపోయి ఉండవచ్చు. డిసెంబర్‌లో, ఇంతకు మించి చెప్పడానికి ఏమీ లేదని రాశాను. అది అబద్ధం. మీకు నేను రాసిన ఉత్తరాలన్నిటిలో అది ఒక్కటే నేరుగా రాసిన అబద్ధం.

రిత్సు గారి పేరు నేను మొదటిసారి చదివింది మీ ఉత్తరంలో కాదు. మా కంపెనీకి ఫిర్యాదులు రాసే పేజీ ఒకటి ఉంది. జూన్ పదకొండున అందులో ఇలా వచ్చింది: "నా మాట ఆలస్యంగా చేరుతోందేమోనని అనుమానంగా ఉంది. మీకు ఇబ్బంది కాకపోతే ఒకసారి చూడగలరా? ఒకవేళ నాదే లోపమైతే మన్నించండి. మునాషిమా బడి, దెగుచి రిత్సు."

నేను చూశాను. ఆ రోజు నాలుగో పీరియడులో ఐదు వందల ముప్ఫై ఉంది. "పరిశీలించాం. మీ లైనులో ఏ లోపమూ లేదు" అని జవాబు పంపి, ఫిర్యాదు మూసేశాను.

మాదొకా